మొదటి గుంజ

మా ఇంట్లో ఒక నియమం ఉంది. టెంటు కావాలని వచ్చినవాణ్ణి దేనికని అడగకూడదు. ఎంతమంది కూర్చుంటారు, నేల మట్టిదా సిమెంటుదా, ఎండ ఏ వైపు నుంచి పడుతుంది, ఇవే అడగాలి. పెళ్ళా, చావా, తగవా అన్నది మనకు అనవసరం. "మనం అద్దెకిచ్చేది నీడ. నీడలో కూర్చుని ఏడుస్తారో నవ్వుతారో వాళ్ళిష్టం," అనేవాడు మామయ్య. నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఒకసారి ఫోనెత్తి, "శుభకార్యమా అండీ?" అని ముద్దుగా అడిగాను. ఫోను చేసినాయన తల్లి పోయిందట. అవతల ఆయన వెక్కిళ్ళు, ఇవతల నేను నాలుక కరుచుకోవడం. డిగ్రీ చదివిన కోడలు దుకాణానికి అచ్చొస్తుందనుకున్న మామయ్య ఆ పూట నా వైపు ఒక చూపు చూశాడు. అప్పటినుంచి నేనూ అడగడం మానేశాను.

ఆ నియమం దుకాణం గడప దాటి ఇంట్లోకి ఎప్పుడొచ్చిందో తెలియదు. నేను వచ్చేసరికే ఉంది. మా ఆయన అక్క, అంటే మా వదిన, గోడౌను మీది గదిలో ఉండేది. ఆమెతోపాటు బళ్ళో లెక్కలు చెప్పే టీచరమ్మ ఉండేది. ఒకటే గది, ఒకటే పొయ్యి, ఒకటే మంచం. టీచరమ్మ పుట్టింటివాళ్ళు ఆమె పేరెత్తడం మానేసి ఏళ్ళు గడిచాయి. ఎవరైనా వచ్చి ఆమె ఎవరని అడిగితే అత్తయ్య, "అద్దెకుంటోంది," అనేది. అద్దె ఎంత అని మళ్ళీ ఎవరూ అడిగేవాళ్ళు కాదు. మామయ్య అయితే ఆ మాట కూడా అనేవాడు కాదు. పండ్లు తెచ్చినప్పుడు రెండు ఎక్కువ తెచ్చి మెట్ల మీద పెట్టి పోయేవాడు. అంతే.

ఆ వేసవి మొదట్లో ఒక పొద్దున వదిన గోడౌనులో పెద్ద టెంటుకు అంచు కుడుతోంది. మా దుకాణంలో ఉన్న ప్రతి గుడ్డా ఆమె చేతి కుట్టే. నేలకు బోల్టులు బిగించిన పెద్ద మిషను అది. దాని మీద కూర్చుంటే వదిన చుట్టూ కాన్వాసు నది పారినట్టు పరుచుకుని ఉండేది. టీచరమ్మ బడికి తయారై ఫోను చూసుకుంటూ మెట్లు దిగి వచ్చింది. ఆఖరి మెట్టు మీద ఆగిపోయింది.

"తీర్పు వచ్చింది," అంది.

"ఏమన్నారు?"

"చేసుకోవచ్చన్నారు."

"ఎవరు?"

"ఎవరైనా. ఇద్దరు ఆడవాళ్ళయినా, ఇద్దరు మగవాళ్ళయినా. మనమైనా."

వదిన వెంటనే లేవలేదు. సూది గుడ్డలో దిగి ఉంది. చక్రం చేత్తో తిప్పి సూదిని పైకి తెచ్చి, దారం తెంపి, అప్పుడు లేచింది. "బడికి టైమవుతోంది, పో," అంది. టీచరమ్మ నవ్వుకుంటూ పోయింది. ఆమె మలుపు తిరిగేదాకా చూసి వదిన నా వైపు తిరిగి, "అమ్మాయ్, కాసిని నీళ్ళివ్వు," అంది. ఇస్తే తాగలేదు. మొహాన కొట్టుకుంది.

మధ్యాహ్నం అందరం భోజనాల దగ్గర ఉన్నప్పుడు చెప్పింది. "మేమిద్దరం రిజిస్టరాఫీసులో దరఖాస్తు పెడుతున్నాం."

మామయ్య కలుపుతున్న ముద్ద కలుపుతూనే ఉన్నాడు. అత్తయ్య గరిటె కింద పెట్టింది.

"ఇన్నేళ్ళూ ఉన్నారుగా! ఎవరేమన్నారే మిమ్మల్ని?"

"ఎవరూ ఏమీ అనలేదు. అదే."

"ఏమీ అనకపోతే ఇంకేం కావాలి?"

"ఏదో ఒకటి అనాలి అమ్మా. నా బిడ్డ అనో, నా బిడ్డకు కావలసిన మనిషి అనో. ఏదో ఒకటి."

"చట్టం ఒప్పుకుంది కదమ్మా, పోనీ," అన్నాడు మా ఆయన పళ్ళెంలోకి చూస్తూ. ఆయన మంచివాడే గానీ టెంటుకు కట్టే పక్కగుడ్డ లాంటివాడు. గాలి ఎటు కొడితే అటు వాలతాడు. ఆ పూట గాలి అక్క వైపు కొట్టింది, అదృష్టం.

మామయ్య చెయ్యి కడుక్కుని, "పెరట్లో తాళ్ళు ఎండలో పడున్నాయి, తీయించండి," అని వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం టీచరమ్మ వంటింట్లో నా పక్కన నిలబడి కూరలు తరుగుతోంది. నాకు ఊరికే ఉండటం చేతకాదు. "మీ పెళ్ళయితే నిన్ను నేనేమని పిలవాలి? వదిన మొగుణ్ణయితే అన్నయ్య అనేదాన్ని," అన్నాను.

ఆమె దాన్ని నిజంగానే లెక్కలాగా తీసుకుంది. కత్తి ఆపి ఆలోచించింది. "నేనీ ఇంటికి అల్లుణ్ణవుతానా, కోడల్నవుతానా?"

"అల్లుడివైతే అత్తయ్య నీకు మర్యాదలు చెయ్యాలి. ఆవిడ వల్ల కాదు. కోడలివే అవు. నాకూ పని తగ్గుతుంది."

"అయితే నేను నీకు తోటికోడల్ని."

"తోటికోడళ్ళకి పడదు, తెలుసా?"

"నేర్చుకుంటాను," అంది. "ఎక్కడ మొదలుపెట్టమంటావు?"

"ఆ గిన్నెల దగ్గర."

దరఖాస్తు పెట్టాక ఇద్దరి ఫోటోలతో రిజిస్టరాఫీసు గోడకున్న అద్దాల పెట్టెలో నోటీసు అంటించి తాళం వేశారు. నెల రోజులు ఉంటుంది. ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పుకోవచ్చు. ఊరికి అదొక తిరునాళ్ళయింది. పని లేనివాళ్ళంతా ఆఫీసు ముందు నుంచి పోవడం మొదలుపెట్టారు. ఎవడో పెన్నుతో వదిన ఫోటోకు మీసాలు దిద్దాడు. మేం వెళ్ళి చూస్తే టీచరమ్మ మెడ అటూ ఇటూ వంచి, "నాకెందుకు పెట్టలేదో?" అంది.

"ఒక ఇంటికి ఒక మీసం చాలనుకున్నాడు," అంది వదిన.

నవ్వాం. నవ్వుతూనే వదిన వేలికి ఉమ్మి తడి చేసుకుని ఆ సిరా తుడవబోయింది. వేలు అద్దానికి తగిలింది. గీత లోపల, ఫోటో మీదే ఉంది. అంటే ఆఫీసు లోపలివాడే గీశాడన్న మాట. అప్పుడు నవ్వు ఆగింది.

ఎలక్షన్లు ప్రకటించిన మర్నాడు మైకు వచ్చాడు. అతనికి అదే పేరు. కుర్రతనంలో మా దుకాణంలోనే మైకుసెట్లు మోసేవాడు. "హలో, హలో" అని పరీక్షించడం మొదలుపెడితే ఆపేవాడు కాదు. ఆ గొంతే అతన్ని పైకి తెచ్చింది. ఇప్పుడు పార్టీకి ఊళ్ళో పెద్ద. లోపలికి వస్తూనే మామయ్య కాళ్ళ దగ్గర స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఎంత పెద్దవాడైనా మామయ్య ముందు కుర్చీలో కూర్చోడు, అది చెప్పుకోవాలి.

"పెద్దాయనా, ఈ సీజనంతా నీ గుడ్డే. నీ దగ్గరున్న ప్రతి టెంటూ, ప్రతి కుర్చీ. పోలింగు దాకా ఒక్కటి కూడా బయటివాళ్ళకివ్వకూడదు."

"ఎంతమంది వస్తారు?"

"వస్తారనుకున్నదానికి సగం వస్తారు. కానీ కుర్చీలు మాత్రం అన్నీ వెయ్యాలి."

"నేల?"

"మట్టే."

మామయ్య తలూపాడు. మైకు వదినను చూసి, "అక్కా, బాగున్నావా?" అన్నాడు. వదిన మిషను మీంచి తలెత్తి బాగున్నానంది. అప్పటికి ఎవరి మనసులోనూ ఏమీ లేదు. ఉన్నా ఎవరూ అడగలేదు.

మొదటి సభ అయ్యాక తెలిసింది. నీళ్ళు, కరెంటు, ధరలు అన్నీ పక్కకు పోయాయి. సభల్లో ఎత్తేది ఒకటే పాట, ఆ తీర్పు. ఉన్న ప్రభుత్వం, "కోర్టు చెప్పింది, మేమేం చేస్తాం," అని చేతులు దులుపుకుంది. మైకు పార్టీ, "మేం గెలిచిన వారంలోనే పై కోర్టుకు పోతాం, ఈ తీర్పును ఆపిస్తాం," అని మాటిచ్చింది. ఆ మాట మా టెంట్ల కిందే ఇచ్చింది, మా కుర్చీల్లో కూర్చున్నవాళ్ళకు. ప్రతి కుర్చీ వీపు మీదా మా దుకాణం గుర్తు, ఎర్ర రంగుతో గుండ్రంగా, వదిన వేసిందే.

నెల గడిచింది. చెల్లుబాటయ్యే అభ్యంతరం ఏదీ రాలేదని ఆఫీసులో చెప్పారు. ఇద్దరు సాక్షుల్ని తీసుకుని ఏ రోజు వచ్చినా సంతకాలు పెట్టించుకుంటామన్నారు. టీచరమ్మ ఆ మాట విన్న సాయంత్రమే మర్నాటికి సెలవు పెట్టింది.

మామయ్య గోడౌనులోకి వచ్చాడు. మిషను పక్కన తాళ్ళ చుట్ట మీద కూర్చుని, చీలిన తాడు కొసకు దారం చుట్టడం మొదలుపెట్టాడు. నేను గుడ్డ అంచులకు కొట్టే ఇత్తడి రింగులు ఏరుతున్నాను.

"ఆఫీసులో అయిపోయిందటగా," అన్నాడు.

"అయింది నాన్నా. రేపు వెళ్ళి సంతకాలు పెడదామనుకుంటున్నాం."

"రేపా."

దారం ఇంకో నాలుగు చుట్లు చుట్టాడు.

"గుడ్డ లేదే," అన్నాడు.

వదిన కాలు మిషను మీంచి తీసింది. "గుడ్డెందుకు నాన్నా? సంతకాలే కదా."

"ఇంట్లో పెళ్ళి. గుడ్డ వెయ్యకుండా ఎట్లా? మీ తమ్ముడి పెళ్ళికి మొదటి గుంజ నేనే పాతాను. మీ అత్తల పెళ్ళిళ్ళకు మా నాన్న పాతాడు. ఊరందరికీ వేసినవాణ్ణి, నా కూతురికి ఎండలో చెయ్యనా? ఉన్నవన్నీ మైకు దగ్గరున్నాయి. పక్క ఊరివాడి దగ్గర అద్దెకు తెస్తే నవ్విపోతారు." తాడు కొస పళ్ళతో లాగి బిగించాడు. "ఎలక్షన్లవనీ. గుడ్డలన్నీ వచ్చేస్తాయి. ఉతికించి పెద్దది వేద్దాం."

"వేద్దామా నాన్నా?"

"వేద్దాం."

అంతే. తాడు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. వదిన అక్కడే కూర్చుని చేతిలో గుడ్డ అంచును ఒకసారి కుడి నుంచి ఎడమకు, ఒకసారి ఎడమ నుంచి కుడికి సవరిస్తూ ఉండిపోయింది.

టీచరమ్మ ఒప్పుకోలేదు. మెట్ల మీద కూర్చుని నా ముందే వాదించింది. ఆమె గొంతు పెంచడం నేనెప్పుడూ వినలేదు, ఆ రోజూ పెంచలేదు. "ఎలక్షన్ ఉంది. పై కోర్టు ఉంది. ఇవాళున్నది రేపు ఉంటుందని ఏం లెక్క? ముందు సంతకం పెడదాం. గుడ్డ తర్వాత వేసుకుందాం, ఎంత పెద్దదైనా."

"తర్వాత వేసేది పెళ్ళి గుడ్డ కాదు. ముందు ఆయన గుంజ పాతాలి, ఆ తర్వాత గడప దాటాలి. మా ఇంట్లో అదే పద్ధతి."

"పద్ధతి కోసమా?"

"పద్ధతి కోసం కాదు." వదిన ఆమె పక్కన మెట్టు మీద కూర్చుంది. "నువ్వీ గదిలోకి వచ్చిన రోజు నుంచి ఆయన నన్ను ఒక్క మాట అడగలేదు. తిట్టినా బాగుండేది. ఇన్నాళ్ళకు నోరు విప్పి నా కూతురి పెళ్ళి అన్నాడు. కాస్త ఆగమన్నాడు. ఆ మాటకు ఎదురు చెప్పి పోయి సంతకం పెట్టనా?"

టీచరమ్మ గోడకు తల ఆనించింది. పైన వెంటిలేటర్లో పిచ్చుక గూడు కట్టుకుంటోంది, దాన్ని చూసింది చాలాసేపు. "సరే," అంది. "ఆగుదాం."

మా వీధి వెనక మైదానంలో పెద్ద సభ పెట్టారు. ముందు రోజు పెద్ద టెంటు నడిమి కుట్టు ఊడితే గోడౌనుకు తెచ్చి పడేశారు. వదిన కుట్టింది. రెండు వరసలు కుట్టాల్సిన చోట మూడు వరసలు కుట్టింది. "వాళ్ళకెందుకంత గట్టిగా?" అన్నాను. "కింద కూర్చునేవాళ్ళ మీద కోపం గుడ్డ మీద చూపించకూడదు," అంది.

సభ రోజు సాయంత్రం కుర్చీలు చూసుకోవడానికి నేనూ మా ఆయనా వెళ్ళాం. మామయ్య ఎప్పటిలాగే నడిమి గుంజ దగ్గర నిలబడ్డాడు. ఉక్కగా ఉంది. పడమట మబ్బు కమ్ముకుంటోంది. మైకు వేదికెక్కాడు.

"మన రిజిస్టరాఫీసు గోడ మీద ఫోటోలు చూశారా అమ్మలారా? ఎక్కడో పెద్ద పట్నంలో కాదు, మన ఊళ్ళో! వాళ్ళలో ఒకావిడ మీ పిల్లలకు లెక్కలు చెబుతోంది. ఏం లెక్కలు చెబుతుంది? ఒకటీ ఒకటీ కలిస్తే రెండు కూడా కాదు, మూడు కూడా కాదు, సున్నా అని చెబుతుంది!"

జనం నవ్వారు. ప్లాస్టిక్ కుర్చీల్లో జనం ఒక్కసారి నవ్వితే కుర్చీకాళ్ళన్నీ కలిసి ఒక రకంగా కిర్రుమంటాయి. ఆ చప్పుడు నేను వందసార్లు విన్నాను, పెళ్ళిళ్ళలో. మామయ్య మొహం చూడాలనిపించలేదు. గుంజకున్న తాడు ముడి చూశాను.

అప్పుడు గాలి లేచింది. మొదట పక్కగుడ్డలు ఎగిరాయి, తర్వాత దుమ్ము, తర్వాత పెద్ద గుడ్డ మొత్తం ఊపిరి పీల్చినట్టు పైకి ఉబ్బింది. అటు వైపు మేకులు భూమిలోంచి పెళ్ళగించుకుని వచ్చేశాయి. మా ఆయనా పనివాళ్ళూ తాళ్ళ మీద పడ్డారు. మామయ్య నడిమి గుంజను రెండు చేతులా వాటేసుకున్నాడు. ఆయన కాళ్ళు ఒకసారి నేల వదిలాయి. గుంజతోపాటు లేచి, గుంజతోపాటు దిగాడు. కుర్చీల్లోంచి పిల్లలు కేకలు పెడుతున్నారు. ఆయన వదల్లేదు.

వేదిక మీంచి గొంతు ఆగలేదు. "భయపడకండి! కూర్చోండి! మన పెద్దాయన ఉన్నాడు! చూడండి ఆయన్ని! సొంత ఇంటి బాధ కడుపులో పెట్టుకుని మన సభను నిలబెడుతున్నాడు! కొట్టండి చప్పట్లు!"

కొట్టారు. మామయ్య చెంప గుంజకు ఆనించి, కళ్ళు మూసుకుని, రెండు చేతులూ అక్కడే ఉంచి నిలబడ్డాడు. చేతులు తీసి చెవులు మూసుకునే వీలు కూడా లేదు.

మేం ఇంటికొచ్చేసరికి వదిన గోడౌను గుమ్మంలో ఉంది. మా మైకులే కదా, వీధి వీధికీ కట్టినవి. అన్నీ వినపడ్డాయి. తండ్రి అరిచేతులు తిప్పి చూసింది. తాళ్ళు ఒరుసుకుని చర్మం లేచిపోయింది. మందు తెచ్చి రాసింది.

"వదిలెయ్యాల్సింది," అన్నాడు మామయ్య.

"వదిలితే జనం మీద పడేది నాన్నా. పిల్లలున్నారు."

కాసేపయ్యాక అన్నాడు, "నీ కుట్టు ఊడలేదు."

"ఊడదు," అంది వదిన.

మర్నాడు టీచరమ్మను ఎలక్షన్లయ్యేదాకా బడికి రావద్దన్నారు. ఎలక్షన్లయ్యాక, ఇక రావద్దన్నారు. ఆమె బల్ల సొరుగులో ఉన్న సుద్దముక్కలు, స్కేలు, ఒక కప్పు సంచిలో వేసుకుని వచ్చింది. "అంత చిన్న సొరుగులో ఇన్నాళ్ళు ఎట్లా పట్టానో," అని నవ్వబోయింది.

మైకు పార్టీ గెలిచింది. మా ఆయన ఆ వార్త టీవీలో చూసి శబ్దం తగ్గించాడు, ఏదో శబ్దం తగ్గిస్తే గెలుపు కూడా తగ్గుతుందన్నట్టు. గుడ్డలు ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. బురద, సిగరెట్లు కాల్చిన చిల్లులు. మామయ్య ఎప్పుడూ లేనిది పనివాళ్ళను కేకలేశాడు. పెద్ద గుడ్డను తానే నేల మీద పరిచి, పైపు పట్టి కడిగాడు. వదిన చిల్లులకు మాసికలు వేసింది. కాన్వాసు తడి ఆరకుండా చుడితే కుళ్ళిపోతుంది. ఎండకోసం చూశాం. ఆ వారమంతా మబ్బే. అటు రిజిస్టరాఫీసువాళ్ళు కూడా ఎలక్షన్ డ్యూటీల నుంచి తిరిగి రాలేదు. సోమవారం రమ్మన్నారు.

సోమవారం తెల్లారుతూనే మామయ్య సమ్మెట పట్టుకుని ఇంటి ముందుకొచ్చాడు. అరిచేతులు ఇంకా పూర్తిగా మానలేదు. పనివాడు సమ్మెట అందుకోబోతే ఇవ్వలేదు. గుంత తీసి, గుంజ నిలబెట్టి, చుట్టూ రాళ్ళు కూరి, కొట్టాడు. ప్రతి దెబ్బకూ కొంచెం ఆగి కొట్టాడు. గుంజ కదలకుండా నిలబడ్డాక దాన్ని ఒకసారి ఊపి చూసి, "ఇక పోయి రండి," అన్నాడు. టీచరమ్మ వైపు తిరిగి, "అమ్మా, జాగ్రత్త," అన్నాడు. ఆమెతో ఆయన అన్న మొదటి మాట అది.

సాక్షులుగా నేనూ మా ఆయనా. నలుగురం ఆటోలో వెళ్ళాం. నోటీసు అంటించిన అద్దాల పెట్టెలో నాలుగు జిగురు మచ్చలు మాత్రం ఉన్నాయి. గుమాస్తా మమ్మల్ని చూసి ఫ్యాను తనవైపు తిప్పుకున్నాడు.

"ఇప్పుడే ఫోనొచ్చిందమ్మా. కొత్త ప్రభుత్వం పై కోర్టుకు పోయింది. స్టే వచ్చింది."

"మా దరఖాస్తు ఎప్పుడో పెట్టాం," అంది టీచరమ్మ. "గడువు కూడా అయిపోయింది."

"దరఖాస్తు కాదమ్మా, సంతకం. సంతకాలైపోయినవాళ్ళ జోలికి పోవద్దన్నారట. కానివాళ్ళను ఆపమన్నారు."

"ఎందాకా?"

"తుది తీర్పు దాకా."

"అదెప్పుడొస్తుంది?"

ఆయన కలం మూత తీసి మళ్ళీ పెట్టాడు. చెడ్డవాడేం కాదు. చెడ్డవాడైతే ఆ తర్వాతి మాట అనేవాడు కాదు. "పోయిన నెల వచ్చుంటే ఐదు నిమిషాల్లో అయిపోయేదమ్మా," అన్నాడు.

వదిన బల్ల అంచు పట్టుకుంది. టీచరమ్మ ఆమె వైపు చూడలేదు. చూస్తే ఏం కనిపిస్తుందో అని చూడలేదనుకుంటాను. తిరుగు దారిలో ఆటోలో వదిన చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుని పట్టుకుంది. నేను చెప్పానుగా అన్న మాట ఆ రోజు అనలేదు. ఆ తర్వాతా అనగా నేను వినలేదు.

ఇంటి ముందు పెద్ద టెంటు లేచి ఉంది. వరసగా కుర్చీలు. అత్తయ్య పెట్టె అడుగున దాచుకున్న చీర తీసి కట్టుకుంది. మామయ్య ఉతికిన చొక్కా గుండీలన్నీ పెట్టుకుని నిలబడ్డాడు. ఆటో దిగిన మా మొహాలు చూశాడు. మా ఆయన వెళ్ళి విషయం చెప్పాడు. మామయ్య వింటూ గుంజ మీద చెయ్యి వేశాడు.

పనివాడు తాళ్ళ దగ్గర నిలబడి, "విప్పేయమంటారా అయ్యా?" అన్నాడు.

"పొద్దు వాలేదాకా ఉండనీ."

మేమెవరినీ పిలవలేదు. మైకు పెట్టలేదు, దీపాలు కట్టలేదు. ఇంటి ముందు టెంటు ఉండి, మైకూ దీపాలూ లేకపోతే ఊళ్ళో దానికి ఒకటే అర్థం. కాసేపటికి వీధి చివర ఉండే రిటైరైన పోస్టుమాస్టరు వచ్చాడు. చెప్పులు దూరంగా విడిచి, మొహం దిగాలుగా పెట్టుకుని, మామయ్య దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదు," అన్నాడు మామయ్య. "మా అమ్మాయి పెళ్ళి."

ఆయన కుర్చీల్లోకి చూశాడు. ముందు వరసలో వదినా టీచరమ్మా పక్కపక్కన కూర్చుని ఉన్నారు, ఎవరి చేతులు వాళ్ళ ఒళ్ళో పెట్టుకుని. ఇంకెవరూ లేరు.

"అయిపోయిందా?"

"కాలేదు. కోర్టు ఆపింది."

పోస్టుమాస్టరు చెప్పుల వైపు చూశాడు. చివరికి, "కూర్చోవచ్చా?" అన్నాడు.

"కూర్చోవడానికే వేశాం."

వెనక వరసలో కూర్చున్నాడు. ఆయన్ని చూసి ఇంకొందరు వచ్చారు, అందరూ అదే మొహంతో, అదే ప్రశ్నతో. అందరికీ మామయ్య అదే జవాబిచ్చాడు, ఒక్క అక్షరం తేడా లేకుండా. కొందరు రాని ఫోను చెవికి పెట్టుకుని వెళ్ళిపోయారు. ఒకాయన, "ఇంకా ఈ వేషాలెందుకు?" అని అందరికీ వినపడేట్టు గొణిగాడు. ఒకసారి కూర్చున్నాక లేవడం మొహమాటమై కొందరు ఉండిపోయారు. ఎవరో ఒకావిడ టీచరమ్మను చూపించి అత్తయ్యను, "ఈవిడెవరు?" అంది. అత్తయ్య నోట అలవాటు మాట వచ్చేయబోయింది. సగంలో మింగి, "మా ఇంట్లోనే ఉంటుంది," అంది. ఆమెకు చేతనైంది అంతే. ఆ తర్వాత ఇద్దరికీ చెరో పళ్ళెంలో అన్నం తెచ్చి, నిలబడి తినిపించినంత పని చేసింది.

పొద్దు వాలింది. పాతినవాడే పీకాలి, అదీ మా ఇంటి పద్ధతే. గుడ్డ దింపాక మామయ్య మొదటి గుంజ పట్టుకుని లాగాడు. ఉదయం అంత గట్టిగా కొట్టాడు, రాలేదు. పచ్చి చేతులు జారుతున్నాయి. వదిన వచ్చి కింద పట్టు పట్టింది.

"నా గుడ్డ కోసం ఆపాను నిన్ను," అన్నాడు.

"నువ్వు ఆపలేదు నాన్నా. నేనాగాను."

ఇద్దరూ కలిసి లాగారు.

వానలు మొదలయ్యేలోపు వాళ్ళిద్దరూ వెళ్ళిపోయారు. దూరంగా పెద్ద పట్నంలో టీచరమ్మకు ఏదో ట్యూషన్ల పని దొరికింది. మిషను తీసుకుపోదామంటే బోల్టులు తుప్పు పట్టి రాలేదు. కేసు ఇంకా నడుస్తూనే ఉంది. నాకొక తోటికోడలుంది అని చెబుతుంటాను, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ.

మొదటి జల్లులు పడిన రోజున ఒక రైతు గొడుగు ముడుచుకుంటూ దుకాణంలోకి వచ్చాడు. పెద్ద టెంటు ఎప్పుడు ఖాళీగా ఉంటుందో కనుక్కుందామని వచ్చాడట. నేను నోరు తెరిచేలోపు లోపలి నుంచి మామయ్య గొంతు వినపడింది.

"దేనికి?"

నేను తలెత్తి చూశాను.

"మా అమ్మాయి పెళ్ళికండీ," అన్నాడు ఆయన. "ఇంకా రోజు అనుకోలేదు. మీ పెద్ద టెంటు ఎప్పుడు దొరికితే అప్పుడే పెట్టుకుందామని."

మామయ్య బయటికి వచ్చాడు. రైతు ఎదురుగా నిలబడి, చాలాసేపు మొహం చూశాడు.

"గుడ్డ కోసం ఆగొద్దు," అన్నాడు. "వానలోనే చేసేయ్."